ఒకే సొమ్ము, రెండు డబ్బాలు

సూరత్ నగరంలో లింబాయత్ అనే పేట ఉంది. సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపుల నుంచి వచ్చిన పద్మశాలీ కుటుంబాలు తరాలుగా అక్కడ కాపురముంటున్నాయి. మగ్గం ఎక్కడుంటే నేతగాడు అక్కడికి నడుస్తాడు, సూరత్‌లో మరమగ్గాలు లక్షల్లో ఉన్నాయి. అక్కడి తెలుగు పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, గుజరాతీ అలవాటు. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతుంది.

ఆ పేటలో ఒక తాత ఉండేవాడు. సిరిసిల్లలో సాంచె మీద పని నేర్చుకున్నాడు. మరమగ్గాన్ని అక్కడ సాంచె అనే అంటారు. వయసులో ఉండగానే సూరత్ వచ్చి, పన్నెండు గంటల షిఫ్టులు నడిపి, ఆ మోతకు వినికిడి సగం పోగొట్టుకొని, ఇద్దరు కొడుకులను పెంచి పెద్దచేశాడు. పెద్దకొడుకుకు ఒక కొడుకు, చిన్నకొడుకుకు ఒక కొడుకు. మనవలిద్దరూ ఒకే బడిలో చదివారు, ఒకే గదిలో పడుకున్నారు, ఒకే ఫోన్‌లో ఆటలాడారు. ఇద్దరికీ గేమింగ్ కంప్యూటర్ కావాలి.

2023 దీపావళి ముందు తాత చిట్టీ ఎత్తుకున్నాడు. మనవలిద్దరినీ కూర్చోబెట్టి చెరో 60,000 రూపాయలు చేతిలో పెట్టాడు. మగ్గం మీద కూలి చేసేవాడికి అది నెలల కష్టం.

"మీకేం గావాల్నో మీరే కొనుక్కోండ్రి. గని మళ్ల ఒక్క రూపాయి సుత అడగొద్దు" అన్నాడు.

పెద్ద మనవడు ధన్‌తేరస్ నాడే బయలుదేరాడు. ఆ రోజు కొంటే మంచిదని సూరత్ అంతా నమ్ముతుంది, దుకాణాలు కిటకిటలాడుతున్నాయి. దుకాణదారు ఏం కావాలని అడిగాడు. కుర్రవాడు మూడు మాటలు చెప్పాడు: ఐ7 ఉండాలి, కార్డు పెద్దది కావాలి, లైట్లు వెలగాలి. దుకాణదారు ఆ మూడూ ఇచ్చాడు. కోర్ ఐ7-4770 ప్రాసెసర్, దానికి సరిపడే పాత హెచ్81 బోర్డు, 16 జీబీ పాత ర్యామ్, మూడూ కలిపి 12,000. ఎవరో వాడి అమ్మిన ఆర్‌టీఎక్స్ 3070 గ్రాఫిక్స్ కార్డు 28,000. నాలుగు రంగుల ఫ్యాన్లున్న గాజు క్యాబినెట్ 5,500. హార్డ్ డిస్కు, చిన్న ఎస్‌ఎస్‌డీ కలిపి 3,000. వెలిగే కీబోర్డు, మౌస్, హెడ్‌సెట్ 4,000. గేమింగ్ కుర్చీ 6,000. మిగిలిన 1,500కు 650 వాట్లని స్టిక్కరున్న పవర్ సప్లై. మానిటర్‌కు డబ్బు మిగల్లేదు. బాబాయి లెక్కలు రాసుకునే బల్ల మీది పాత 19 అంగుళాల మానిటర్ తెచ్చుకున్నాడు.

దుకాణదారు అతనికి ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. ఇది గుర్తుపెట్టుకోవాలి.

చిన్న మనవడు మర్నాడు అదే దుకాణానికి వెళ్ళాడు. అతను వస్తువుల పేర్లు చెప్పలేదు. "వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2, జీటీఏ 5 ఆడాలి. మానిటర్ కూడా ఇందులోనే రావాలి. 60,000 దాటొద్దు. కాగితం మీద రాసివ్వండి, ఇంటికి తీసుకెళ్తాను" అన్నాడు. దుకాణదారు రాసిచ్చాడు. అప్పటికే దీపావళి సెలవులు మొదలవుతున్నాయి. సూరత్‌లో మార్కెట్లు మళ్ళీ తెరుచుకునేది దీపావళి తర్వాత వచ్చే లాభ పంచమికే. ఆ సెలవులే అతనికి కలిసివచ్చాయి. తిట్టుకుంటూనే కాగితాన్ని పదేపదే చదివాడు. హైదరాబాదులో ఉన్న మేనబావకు ఫోటో తీసి పంపాడు.

మేనబావ ఫోన్ చేశాడు. "ఇగో, పవర్ సప్లై 500 వాట్స్ అని రాసిండు. కంపెనీ ఏది? మోడల్ ఏది? బోర్డుకు పేరు లేదు. ర్యామ్ ఒక్కటే స్టిక్కు రాసిండు. గీ మూడూ అడుగు. ఏమనకు, ఉత్తగ అడుగు."

లాభ పంచమి నాడు కుర్రవాడు కాగితం పట్టుకెళ్ళి ఆ మూడూ అడిగాడు. దుకాణదారు విసుక్కోకుండా కొట్టేసి మళ్ళీ రాశాడు. కోర్ ఐ3-12100ఎఫ్ ప్రాసెసర్ 8,500. హెచ్610 బోర్డు 6,500. 8 జీబీ డీడీఆర్4 స్టిక్కులు రెండు 3,500. 500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ 3,000. కొత్త ఆర్‌ఎక్స్ 6600 కార్డు 20,000. పేరున్న కంపెనీ 550 వాట్ల బ్రాంజ్ పవర్ సప్లై 4,000. ముందు వైపు జల్లెడలాంటి మెష్, దాని వెనక దుమ్ము వడగట్టే తెర ఉన్న క్యాబినెట్ 3,000. 24 అంగుళాల 144 హెర్ట్జ్ మానిటర్ 10,000. మామూలు కీబోర్డు, మౌస్ 1,500. లైట్లు లేవు. కుర్చీగా వంటింటి ప్లాస్టిక్ కుర్చీ.

మొదటి వారం పేట పిల్లలంతా అన్న కంప్యూటర్ చుట్టూనే ఉన్నారు. చీకట్లో ఆ గాజు పెట్టె రంగులు మారుతుంటే చూడముచ్చటగా ఉండేది. తమ్ముడు బిగించిన నల్లపెట్టె మాత్రం మొదటి సాయంత్రం తెరమీద ఏమీ చూపించలేదు. వైరు బోర్డుకు గుచ్చాడు, గుచ్చాల్సింది గ్రాఫిక్స్ కార్డుకు. పేరు చివర ఎఫ్ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉండదు కాబట్టి బోర్డు మీది సాకెట్‌కు బొమ్మ రాదు. అన్న చుట్టూ చేరిన పిల్లలు నవ్వారు. వైరు మార్చాక బొమ్మ వచ్చింది. విండోస్ సెట్టింగుల్లో 144 హెర్ట్జ్ ఎంచుకున్నాడు, బయోస్‌లోకి వెళ్ళి, ర్యామ్ పూర్తి వేగంతో నడిచేలా ఎక్స్‌ఎంపీ పెట్టాడు. ఆ తర్వాత ఆటలో పడ్డాడు.

అన్నకు చిక్కులు ఒక్కొక్కటిగా వచ్చాయి. పాత మానిటర్‌కు వీజీఏ వైరే ఉంది, 3070 కార్డుకు ఆ సాకెట్టే లేదు, కన్వర్టర్ కొన్నాడు. దుకాణంలో విండోస్ 11ను అడ్డదారిలో ఎక్కించి ఇచ్చారు. వాలరెంట్ తెరిస్తే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు కావాలని ఆగిపోయింది. 2013 నాటి ఆ తరం యంత్రాన్ని విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు. మళ్ళీ విండోస్ 10 వేయించాడు. ఆట తెరుచుకుంది, కానీ జనం గుమికూడిన చోట బొమ్మ తడబడేది. కార్డు పాడైందనుకుని రెండుసార్లు దుకాణానికి మోశాడు. కార్డు నిక్షేపంగా ఉంది. కౌంటర్ స్ట్రైక్, వాలరెంట్ లాంటి ఆటల్లో భారం ముందుగా ప్రాసెసర్ మీద పడుతుంది. పదేళ్ళ నాటి ప్రాసెసర్ ఫ్రేములు తయారుచేసి పంపేదాకా అంత పెద్ద కార్డూ ఎదురుచూస్తూ కూర్చోవాలి. అది పంపినవన్నీ కూడా ఆ మానిటర్ చూపించలేదు, సెకనుకు 60 ఫ్రేములే దాని హద్దు.

ఎండాకాలం వచ్చింది. కింది అంతస్తులో సాంచెలు నడుస్తుంటాయి, పోగుల నూగు గాలిలో లేస్తుంది. గాజు పెట్టెకు గాలి లోపలికి వచ్చే దారి సన్నం, వడగట్టే తెర లేదు. ఫ్యాన్ల రెక్కల మీద నూగు మెత్తగా పేరుకుంది. ఆట మొదలైన పది నిమిషాలకు కంప్యూటర్ ఉన్నట్టుండి ఆరిపోయేది. ఆ పవర్ సప్లైకి కార్డుకు కరెంటు ఇచ్చే వైరు ఒక్కటే ఉంటే, రెండోదాన్ని హార్డ్ డిస్కు వైరు నుంచి అతికించి ఇచ్చారు. ఒక రాత్రి వాసన వచ్చింది. పవర్ సప్లై మాడిపోయింది, పోతూ పోతూ బోర్డునూ తీసుకుపోయింది.

అన్న తాత దగ్గరికి వెళ్ళలేదు, మాట గుర్తుంది. తాతే వచ్చాడు. రెండు పెట్టెలూ పక్కపక్కన పెట్టించి, ఒక్కో భాగం ఏం చేస్తుందో తమ్ముడి చేత చెప్పించుకున్నాడు. చాలాసేపు విన్నాడు.

"సాంచెకు పెద్ద మోటరు పెట్టినవ్ బిడ్డా. పడుగు నాసిరకం పోసినవ్. మోటరు జోరు జేస్తే పోగులు తెగుడే గని గుడ్డ పారుతదా? పోగు తెగినప్పుడల్లా సాంచె ఆపాలె. ఆగిన సాంచెకు కూలి రాదు."

"దుకాణపాయన మోసం జేసిండు తాతా" అన్నాడు పెద్దవాడు.

"నువ్వడిగిందే ఇచ్చిండు. అడిగేటప్పుడు నువ్వు పేర్లడిగినవ్. వీడు పని చెప్పిండు."

పెద్దవాడు కుర్చీ అమ్మాడు. కార్డు అమ్మాడు. తమ్ముడి దగ్గర ఆ కాగితం తీసుకుని, కొట్టేసినవి, దిద్దినవి అన్నీ చదివి, మళ్ళీ మొదటి నుంచి కొన్నాడు. తాత ఇంకో రూపాయి ఇవ్వలేదు.

నీతి: నాలుగైదు భాగాలు కలిసి చేసే పనిలో బలహీనమైన భాగమే మిగతావాటి వేగాన్ని నిర్ణయిస్తుంది. కొనేవాడు పేరు చెబితే పేరు దొరుకుతుంది, పని చెబితే పని దొరుకుతుంది.

ఈ నీతి చిన్నదిగానే కనిపిస్తుంది. డబ్బు చేతిలో ఉన్నప్పుడు పాటించడం మాత్రం కష్టం, ఎందుకంటే ఈ వ్యాపారంలో పేర్లు కొనేవాణ్ణి తికమక పెట్టేలాగే ఉంటాయి. ఐ7 అంటే ఐ3 కంటే గొప్పదని ఎవరైనా అనుకుంటారు. ఒకే తరంలో అది నిజం. ఐ7-4770 వచ్చింది 2013లో, ఐ3-12100ఎఫ్ వచ్చింది 2022 జనవరిలో. రెండింటికీ కోర్లు నాలుగే, థ్రెడ్లు ఎనిమిదే. మధ్యలో దాదాపు తొమ్మిదేళ్ళ పనితనం పెరిగింది. ఒక్కో కోరు చేసే పనిలో కొత్త ఐ3 చాలా ముందుంది. కాబట్టి 7, 3 అనే అంకె కంటే దాని వెనకున్న పొడవాటి అంకె ముఖ్యం. 4770లో మొదటి 4 నాలుగో తరం, 12100లో మొదటి 12 పన్నెండో తరం. ఈ ఒక్క సంగతి తెలిస్తే చాలు, పాత ఆఫీసు కంప్యూటర్లలోంచి ఊడదీసిన ఐ7లకు గేమింగ్ సెట్ అని పేరుపెట్టి అమ్మే చోట మీ సొమ్ము నిలబడుతుంది. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ఆగిపోయింది కనుక, ఆ పాత యంత్రాలు కొనడానికి ఉన్న చివరి కారణం కూడా పోయింది.

కార్డులోనూ ఇదే తిరకాసు. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ 2022 జనవరిలో వచ్చింది, 6600 అంతకుముందు 2021 అక్టోబర్‌లోనే వచ్చింది. కొత్తది కదా అని మొదటిది కొన్నవాళ్ళకు 4 జీబీ మెమరీ, బోర్డుతో మాట్లాడుకోవడానికి నాలుగే దారులు దక్కాయి. పాత తరం బోర్డులో పెడితే ఆ దారులు ఇంకా నెమ్మదిస్తాయి. 6600కు 8 జీబీ మెమరీ, ఎనిమిది దారులు ఉన్నాయి.

వాడిన కార్డులన్నీ చెడ్డవని నేను అనను. 2022 సెప్టెంబర్‌లో గ్రాఫిక్స్ కార్డులతో ఇథీరియం నాణేల తవ్వకం ఆగిపోయి, రాత్రింబవళ్ళు తవ్విన కార్డులు ఒక్కసారిగా బజారుకు వచ్చాయి. వాటిలో బాగా పనిచేసేవీ ఉన్నాయి. కానీ బిల్లు, వారంటీ లేని వస్తువును పరీక్షించడం తెలిసినవాడు కొనాలి. మొదటిసారి కొనేవాడికి ఆ విద్య ఉండదు. బిల్లు మీద 18 శాతం జీఎస్టీ పడుతుందని బిల్లు లేకుండా కొనేవాళ్ళు సూరత్‌లోనూ ఉన్నారు, హైదరాబాదులోనూ ఉన్నారు. ఆ బిల్లే మూడేళ్ళ వారంటీకి తాళంచెవి అన్న సంగతి భాగం పాడయ్యాక తెలుస్తుంది.

పవర్ సప్లై గురించి ఎంత చెప్పినా తక్కువే. మొదటి కంప్యూటర్ కట్టేవాళ్ళు అన్నిటికంటే తేలిగ్గా కోత పెట్టేది దీనికే, ఎందుకంటే అది ఆటలో కనబడదు. దాని ధర ఎంతైనా ఒక్క ఫ్రేము కూడా పెరగదు. కానీ మిగతా భాగాలన్నిటికీ కరెంటు ఇచ్చేది అదే, చెడితే మిగతావాటిని చెడగొట్టగలిగేదీ అదే. స్టిక్కరు మీద 650 అని ఎవరైనా అచ్చువేయించుకోవచ్చు. 80 ప్లస్ బ్రాంజ్ అనే ముద్రకు కనీసం ఒక పరీక్ష ఉంది: 115 వోల్టుల మీద సగం భారంతో 85 శాతం, అయిదో వంతు భారంతోనూ పూర్తి భారంతోనూ 82 శాతం సామర్థ్యం చూపాలి. అయితే అది పొదుపును కొలిచే పరీక్ష, భద్రతను కొలిచేది కాదు. అందుకే ముద్రతోపాటు కంపెనీ పేరు, మోడల్ పేరు, వారంటీ ఏళ్ళు మూడూ చూడాలి. వాట్ల లెక్క కష్టం కాదు. ఆర్‌ఎక్స్ 6600 తీసుకునేది 132 వాట్లు, ఐ3-12100ఎఫ్ జోరుమీద ఉన్నా 89 వాట్లు. మిగతావన్నీ కలిపినా 300 దాటదు, నిజాయితీ గల 450 వాట్లది చాలు, 550 ఉంటే రేపు కార్డు మార్చినా సరిపోతుంది. ఆర్‌టీఎక్స్ 3070 ఒక్కటే 220 వాట్లు కోరుతుంది, క్షణకాలం అంతకు మించి లాగుతుంది. దానికి తయారీదారే 650 వాట్ల పవర్ సప్లై వాడమంటాడు. 1,500 రూపాయలకు అంత భారం మోసే పవర్ సప్లై రాదు.

ర్యామ్ ఒక్కటే స్టిక్కు రాశాడని మేనబావ ఎందుకు ఎత్తిచూపాడో కూడా చెప్పుకోవాలి. బోర్డులో మెమరీకి రెండు మార్గాలుంటాయి, ఒక్క స్టిక్కు పెడితే ఒక మార్గం ఖాళీగా ఉంటుంది. గ్రాఫిక్స్ కార్డు కొనలేక, ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉన్న రైజెన్ 5 5600జీ లాంటిది తీసుకునేవాళ్ళకు ఈ తేడా ఇంకా పెద్దది, ఎందుకంటే ఆ గ్రాఫిక్స్ వాడుకునేది ఈ ర్యామ్‌నే. చేతిలో కొద్ది సొమ్మే ఉన్నవాళ్ళకు ఆ దారి గౌరవమైనదేనని నా అభిప్రాయం. మంచి పవర్ సప్లై, రెండు స్టిక్కులు, 5600జీతో మొదలుపెట్టి, ఏడాది తర్వాత కార్డు చేర్చుకోవచ్చు. అప్పు చేసి పెద్ద కార్డు కొనడం కంటే అది వెయ్యి రెట్లు మేలు.

కథలోని ధరలు ఆ దీపావళివి. 2025 చివరికి ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో ర్యామ్ ధర ఎక్కడికో వెళ్ళిపోయింది. మైక్రాన్ సంస్థ క్రూషియల్ పేరుతో మామూలు జనానికి ర్యామ్, ఎస్‌ఎస్‌డీ అమ్మే వ్యాపారం మానుకుంటున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించింది. తమ్ముడి కాగితాన్ని ఉన్నదున్నట్టు ఇవాళ కొట్టుకు తీసుకెళితే 60,000కు రాకపోవచ్చు. అతను అడిగిన వరస మాత్రం ఇవాళ్టికీ పనికొస్తుంది: ఏ ఆటలు, ఏ తెర, ఎంత సొమ్ము. తెర 60 హెర్ట్జ్‌దైతే సెకనుకు 150 ఫ్రేములు ఇచ్చే కార్డుకు డబ్బు పోయనక్కర్లేదు. తెర నిర్ణయమైతే కార్డు, దానికి తగ్గ ప్రాసెసర్, ఆ రెండిటినీ మోసే పవర్ సప్లై వాటంతటవే తేలతాయి. మొత్తం సొమ్ములో మూడో వంతు కార్డుకు పెడితే మిగతా భాగాలు ఊపిరి పీల్చుకుంటాయి. అన్న దాదాపు సగం పెట్టాడు.

సూరత్, సిరిసిల్ల, భివండి లాంటి మగ్గాల ఊళ్ళలో ఉండేవాళ్ళు క్యాబినెట్ ఎంచుకునేటప్పుడు గాజు కంటే గాలి చూడండి. ముందు మెష్, దాని వెనక తీసి కడగగలిగే తెర ఉండాలి. నెలకోసారి ఆ తెర కడిగి, పూర్తిగా ఆరాక పెట్టండి.

పిల్లలకు కంప్యూటర్ కొనిపెట్టే తల్లిదండ్రులకు ఒక మాట. మీకు ఈ భాగాల సంగతి తెలియకపోయినా ఫర్వాలేదు. దుకాణదారు రాసిచ్చిన కాగితంలో ప్రతి వరుసకూ కంపెనీ పేరు, మోడల్ నంబరు, వారంటీ ఉన్నాయో లేదో చూడగలరు. పవర్ సప్లై వరుసలో అవి మూడూ రాసి ఉంటేనే అడ్వాన్సు ఇవ్వండి. లేకపోతే కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఇంటికి రండి, దుకాణం రేపు కూడా తెరిచే ఉంటుంది.